పండుగనాడు పిల్లలడుగు ప్రశ్న

పాఠ్యభాగములు: మార్కు 6:21-28, నిర్గమకాండము 12:24-27, 1 సమూయేలు 2:18-20



పుట్టినరోజు విందు అని స్పష్టముగా పేరుపెట్టి బైబిలులో చెప్పబడినవి రెండే. ఒకటి ఐగుప్తులో ఫరో చేసినది (ఆదికాండము 40:20). రెండవది హేరోదు చేసినది. మొదటి విందునాడు భక్ష్యకారుల అధిపతి ప్రాణము పోయెను. రెండవ విందునాడు బాప్తిస్మమిచ్చు యోహాను ప్రాణము పోయెను. ఇందునుబట్టి పిల్లల పుట్టినరోజులు జరుపుట విశ్వాసులకు తగదని బోధించువారు కొందరు గలరు. మేమట్లు తలంపము. ఇస్సాకు పాలు విడిచిన దినమున అబ్రాహాము గొప్ప విందు చేసెను. యోబు కుమారులు వంతుచొప్పున తమ తమ దినములలో విందు చేసికొని అక్కచెల్లెండ్రను పిలుచుకొనిరి. అవి పుట్టినరోజులే యని కొందరు వ్యాఖ్యాతల అభిప్రాయము. కాబట్టి విందులో తప్పు లేదు. హేరోదు విందులోనికి తప్పు ఏ ద్వారమున ప్రవేశించెనో చూడవలెను.

మార్కు వ్రాసినది నిదానముగా చదువుడి. యోహానును చంపుట ఆ రాజునకు ఇష్టము లేదు. ఆ చిన్నది అడిగినది విని చాల దుఃఖపడెను. అయినను అందరి యెదుట ఒట్టు పెట్టుకొంటిననియు, బంతిలో కూర్చున్న పెద్దల ముందు తల వంపులగుననియు వెనుకకు పోలేకపోయెను. బంతిలోనివారి కొరకు! ఇది రాజుల కోటలోని సంగతి యని త్రోసివేయకుడి. ఈ జబ్బు మన పాకలలోను ఉన్నది, మన డాబాలలోను ఉన్నది.

మా ఘంటసాల చుట్టుప్రక్కల పల్లెలలో బిడ్డకు మొదటి యేడు నిండుట యిప్పుడు చిన్న పెండ్లి వంటిదాయెను. ఒక కౌలురైతు కుటుంబము అనుకొందము. షామియానా, కుర్చీలు, వీధి మొగను ఫ్లెక్సీ, ఫోటోలవారు, పట్టణమునుండి మూడంతస్తుల కేకు, ఊరందరికి బిర్యానీ. చేతిలో డబ్బు లేదు గనుక 50,000 రూపాయలు నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి తెచ్చిరి. నెలకు 1,000 రూపాయలు వడ్డీ. బిడ్డకు రెండవ యేడు నిండునప్పటికి అసలు అసలుగానే నిలిచియుండగా 12,000 రూపాయలు వడ్డీక్రింద పోవును. ఆ యేడు తుపాను వచ్చి కోసిన పనలు నీటిలో నానినయెడల ఆ వడ్డీయు అసలులో కలియును. పాడిగేదె కొందుమని డ్వాక్రా సంఘమునుండి తీసికొన్న సొమ్ము ఒక సాయంకాలమున విస్తళ్లలో కరిగిపోవుటయు కలదు. ఇక ఆ బిడ్డ సంగతి యేమి? నెత్తిన గుచ్చుకొను టోపీకి, కన్నులలో మెరయు దీపములకు బెదరి యేడ్చి, కేకు కోయకముందే నిద్రపోవును. నిద్రపోయిన చేతికి కత్తినిచ్చి ఫోటో తీయుదురు!

"ఇంత యెందుకు చేసితిరమ్మా?" అని అడిగినయెడల, "చేయకపోతే నలుగురు నవ్వరా, అయ్యగారూ!" అని బదులు వచ్చును. ఈ మాట వినినప్పుడు మాకు కోపము రాదు. తరతరములుగా ఇతరుల పెండ్లి పందిళ్ల వెలుపల నిలిచి, అందరును తినిన తరువాత విస్తళ్లు ఎత్తినవారి మనుమలు వీరు. తమ బిడ్డ బొమ్మ నలుగురు నడచు త్రోవలో నిలువెత్తుగా కనబడవలెనని వీరు కోరుటలో వట్టి డంబమే యున్నదని మేము చెప్పము. ఆ కోరిక వెనుక పాత గాయమున్నది. అయితే ఆ గాయమునకు ఫ్లెక్సీ మందు కాదు; అప్పు అంతకంటెను కాదు. పూర్వము తాతలు ఎవరి అరుగు ముందర చేతులు కట్టుకొని నిలిచిరో, వడ్డీ చెల్లించు దినమున మనుమడును ఆ అరుగు ముందరనే నిలువవలసి వచ్చుచున్నది.

హేరోదు విందులో ఒక పిల్ల యున్నదని మనము మరచిపోవుదుము. పెద్దల వినోదము కొరకు ఆమెను ఆడించిరి. ఏది కావలసినను అడుగుమని రాజు చెప్పగా, ఆమె బయటికి పోయి, ఏమి అడుగుదునని తల్లిని ప్రశ్నించెను. పండుగ పూట బిడ్డ తల్లి యొద్దకు ప్రశ్నతో వచ్చినది. తల్లి యిచ్చిన జవాబు ఏమో మనకు తెలియును. తల్లి కడుపులోని పగ ఒక్క మాటలో కూతురి నోటికి చేరెను.

ఇప్పుడు నిర్గమకాండము 12వ అధ్యాయము తెరువుడి. పస్కా పండుగను నియమించుచున్నప్పుడే, మీ పిల్లలు ఈ ఆచారమునకు అర్థమేమని మిమ్మునడుగుదురు, అప్పుడు మీరు ఇట్లు చెప్పవలెనని మోషే జనులకు నేర్పెను. అడిగినయెడల చూచుకొందమని విడిచిపెట్టలేదు. అడుగుటకు వీలుగానే ఆ పండుగ కట్టబడినది. పులియని రొట్టె, చేదు కూర, నడుమునకు దట్టి, కాళ్లకు చెప్పులు, చేతిలో కఱ్ఱ — ఇవన్నియు చూచిన పసివాడు ఎందుకని అడుగక మానునా? యొర్దాను దాటినప్పుడు పండ్రెండు రాళ్లు నిలువబెట్టించినదియు ఇందుకొరకే (యెహోషువ 4:6, 21). మా ఘంటసాలలోని ప్రాచీన బౌద్ధస్తూపపు దిబ్బను మొదటిసారి చూచిన పిల్లవాడు, "ఇదేమిటి, ఎవరు కట్టినారు?" అని అడిగి తీరును. రాయి పిల్లవాని నోరు తెరిపించును. కాని జవాబు చెప్పుటకు ప్రక్కన ఒక పెద్దమనిషి ఉండవలెను.

మన పిల్లలును అడుగుచునే యున్నారు. "నాన్నా, నక్షత్రము వెదురు చివరనే యెందుకు కట్టెదరు?" "యేసుప్రభువు పుట్టినరోజైతే కొత్త గుడ్డలు మనమెందుకు కట్టుకొందుము?" తండ్రి సెల్‌ఫోనులో నుండి తలయెత్తక, "సండేస్కూలు టీచరుగారిని అడుగు" అనును. సండేస్కూలు వారమునకు ఒక్క గంట. ఆ టీచరు ఎంత మంచివారైనను, మోషే ఆ జవాబు చెప్పుమని ఆజ్ఞాపించినది వారికి కాదు.

జవాబు చెప్పుటకు వేదాంత పాఠశాలలో చదువనక్కరలేదు. మీ యింటి కథ మీకు తెలిసిన చాలును. 1841లో రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు అను ఇద్దరు మిషనెరీలు బందరులో దిగిరి. 1843లో నోబులుగారు అక్కడ పాఠశాల ప్రారంభించిరి. ఇది పుస్తకములలో దొరకును. కాని మీ యింట వాక్యము మొదట వినినది తాతగారా, ముత్తవ్వయా? ఏ చెట్టు క్రింద? వినినందుకు ఊరిలో ఏమి పడవలసి వచ్చెను? ఇది ఏ పుస్తకములోను లేదు. అవ్వతోకూడ అది సమాధిలోనికి పోవును.

పుట్టినరోజు మాటయు అట్లే. మన పెద్దలలో అనేకులకు పుట్టిన తేది తెలియదు. బడిలో చేర్చిన దినమున పంతులుగారు వ్రాసినదే తేది. "ఉప్పెనకు ముందు యేడు, మినుము పీకుచుండగా పుట్టినావు" అని అవ్వ చెప్పును. దివిసీమవారికి ఉప్పెన అనగా 1977 నవంబరు 19. ఆ రాత్రి సముద్రము ఊళ్ల మీదికి వచ్చి వేలమందిని తీసికొనిపోయెను. పిల్లలందరిని పోగొట్టుకొని ఉదయమున ఒంటరిగా మిగిలిన తల్లులుండిరి. అట్టి తల్లి మరల కని, పెంచి, మనుమని చూచినయెడల, ఆ మనుమని పుట్టినరోజు ఆమెకు సామాన్య దినము కాదు. ఆమె ప్రక్కన కూర్చుండి ఆ మాట వినిన పిల్లవాడు తన ప్రాణము ఎంత విలువగలదో తెలిసికొనును. మూడంతస్తుల కేకు ఆ సంగతి చెప్పలేదు.

ఇక కొత్త గుడ్డల విషయము. సమూయేలు తల్లియైన హన్నా యేటేటా పండుగకు పోవునప్పుడు చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెడిది. కుమారుడు షిలోహు మందిరములో ఉండెను. ఆమె అతని చూచునది సంవత్సరమునకు ఒక్కసారి. మరి కొలత ఎట్లు తెలిసెను? పోయిన యేడు తన భుజమునకు ఎంత అందెనో జ్ఞాపకముంచుకొని, ఈ యేడు ఎంత పెరిగియుండునో మనస్సులో లెక్క వేసికొని కుట్టియుండవలెను. ఆ కుట్టుపని జరిగినంత సేపు బిడ్డ ఆమె కన్నుల యెదుటనే యున్నాడు. ఆ అంగీ ఎంత ఖరీదో వాక్యము చెప్పలేదు. గుడివాడ అంగళ్లలో కొనిన గౌను తప్పని మేము చెప్పము. కాని బిడ్డ ఈ యేడు ఏమేమి నేర్చెను, దేనికి భయపడుచున్నది, ఎవరితో స్నేహము చేయుచున్నది — ఈ కొలతలు తీసికొనుటకు తల్లిదండ్రులకు తీరిక వలయును.

ఆ తీరికయే మనకు కఱవు. మన క్రిస్మసు సరిగా వరికోతల కాలమున వచ్చును. కోతకు ముందే చేలో మినుములు చల్లవలెను. కోత, కట్టివేత, కుప్పనూర్పిడి. కోత మిషనులు వచ్చినను, తడి చేలలోను చిన్న కమతములలోను చేతికోతలు ఉండనే యున్నవి. ఇరువదినాలుగవ తేదీన ప్రొద్దుగుంకిన తరువాత తల్లి ఇల్లు చేరి, అలికి, పిండి వంటకు కూర్చుండును. అలసిన ఆ తల్లి మీద ఇంకొక బరువు పెట్టుట మా ఉద్దేశము కాదు. పిండివంటలలో ఒకటి తగ్గించి, ఆ అరగంట పిల్లల మధ్య కూర్చుండుమని మాత్రమే చెప్పుచున్నాము. తండ్రులు కొబ్బరి తురిమినయెడల గౌరవము తగ్గిపోదు.

సెమీ క్రిస్మసులు, కేరల్ రౌండ్లు, ముప్పదియొకటవ తేది రాత్రి ఆరాధన — ఇన్నిటిలో మన పిల్లలు చాపల మీద ఎక్కడో నిద్రపోవుచుందురు. యేసు పండ్రెండేండ్లవాడై యెరూషలేములో నిలిచిపోయినప్పుడు, బంధువుల గుంపులో ఉన్నాడులే యనుకొని తల్లిదండ్రులు ఒక దినపు ప్రయాణము వెళ్లిపోయిరి. మరియ యోసేపులకే అట్లు జరిగినది. ఇక సంక్రాంతి సెలవులలో కొడుకును భుజమున ఎక్కించుకొని కోడిపందెములకు పోవు తండ్రులున్నారు. పందెము 1974 నాటి జూదపు చట్టమును బట్టియు, 1960 నాటి జంతుహింస చట్టమును బట్టియు నేరము. భుజము మీది పిల్లవాడు అక్కడను ప్రశ్నలడుగును. తండ్రి ఏమి జవాబు చెప్పునో మేమెరుగము.

పుట్టినరోజునకు ఎవరిని పిలువవలెనని అడుగువారు ద్వితీయోపదేశకాండము 16:14 చూడుడి. అందులో కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు వరుసగా కలరు. ఊరి పెద్దల పేరు ఆ వరుసలో లేదు. నలుగురు బిడ్డలకు పులిహోరయు పాయసమును పెట్టిన తల్లి ఈ వచనమును నెరవేర్చినదే. ఇట్టి యిండ్లకు ప్రార్థనకు పిలిచినయెడల కొందరు బోధకులు ముప్పావుగంట ప్రసంగింతురు; బిడ్డ పేరు ఒక్కసారియైన రాదు. యోబు విందు దినములు గడచిన తరువాత వేకువనే లేచి, పిల్లలలో ఒక్కొక్కరి కొరకు వేరువేరుగా బలి అర్పించెను. పేరు పేరున చేసిన ప్రార్థనకు అయిదు నిమిషములు చాలును.

ఈ నెల గృహకూటములలో పై పాఠ్యభాగములు చదువుడి. చదివిన తరువాత పెద్దలు మాటలాడక, ఇంటిలోని చిన్న బిడ్డను మొదట అడుగనియ్యుడి. ఏమి అడుగవలెనో తోచనియెడల, "నేను పుట్టిన దినమున ఇంటిలో ఏమి జరిగినది?" అని అడుగుమని నేర్పుడి. తండ్రికి జ్ఞాపకము లేనియెడల అమ్మమ్మను పిలువుడి.