నీ కార్డు మీది తేదీ చూసుకో

ఎడిసన్, న్యూజెర్సీ

చి.సౌ. స్రవంతికి,



“హెచ్4 వాళ్ల ఈఏడీ మీద కేసు అప్పీల్లో ఉందట పిన్నీ, ఇప్పుడు ఉద్యోగంలో చేరడం అవసరమా?” అని రాత్రి ఫోన్లో అడిగావు. రెండు ముక్కల్లో తేలే మాట కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నీకు వచ్చిన వాట్సాప్ వార్త పాతది తల్లీ. ఆ కేసు ముగిసింది. అయినా దాని కథ నీకు చెప్పాలి. రేపు ఇంకో కేసు రావచ్చు. అప్పుడు నీ అంతట నువ్వే చదివి అర్థం చేసుకోగలగాలి.

హెచ్1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాముల్లో, అంటే హెచ్4 వాళ్లలో, కొందరికి పనిచేసే అనుమతి కార్డు (ఈఏడీ) ఇచ్చే రూలు 2015 మే 26న అమల్లోకి వచ్చింది. అంతకు నెల ముందే సేవ్ జాబ్స్ యూఎస్ఏ అనే సంఘం వాషింగ్టన్ డీసీ జిల్లా కోర్టుకెక్కింది. సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ అనే కరెంటు కంపెనీలో ఐటీ ఉద్యోగాలు పోయినవాళ్లు పెట్టుకున్న సంఘం అది. వాళ్ల కష్టమూ కష్టమే. 2016లో కోర్టు, మీకు నష్టం జరిగినట్టు చూపలేదు, కేసు వేసే అర్హత లేదు అని కొట్టేసింది. 2019 నవంబరులో అప్పీలు కోర్టు ఆ తీర్పును తప్పుపట్టింది. అంతే, మా గ్రూపుల్లో “ఈఏడీ పోయింది” అని ఒకటే గోల. నిజానికి ఆ కోర్టు అన్నది వాళ్లకు కేసు వేసే అర్హత ఉందని, అసలు విషయం కింది కోర్టే తేల్చాలని. రూలు ఒక్కరోజు కూడా ఆగలేదు. 2023లో కింది కోర్టు రూలు చెల్లుతుందంది. 2024 ఆగస్టులో అప్పీలు కోర్టు ఔనంది. 2025 అక్టోబరు 14న సుప్రీంకోర్టు వినడానికి ఒప్పుకోలేదు. రూలు మంచిదని సుప్రీంకోర్టు చెప్పినట్టు కాదు, కింది తీర్పు నిలిచిందని మాత్రమే. మొత్తం పదేళ్లు.

ఆ పదేళ్లలో నేను చేసిన తప్పు ఒకటుంది. 2017 చివర్లో ప్రభుత్వమే ఈ రూలు ఎత్తేస్తామని ప్రకటించింది. నా చేతిలో కార్డు ఉంది, చేరమని ఒక కంపెనీ నుంచి పిలుపూ ఉంది. ఎలాగూ పోయేదే కదా అని వద్దన్నాను. కార్డును మీ అమ్మ పెట్టిన పట్టుచీర మడతల్లో దాచి, పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే వెళ్లి తీసి తేదీ చూసుకునేదాన్ని. ఎత్తేస్తామన్నది రూలుగా మారనే లేదు, 2021 జనవరిలో వెనక్కి పోయింది. ఇంట్లో కూర్చున్న ఆ మూడేళ్లు నాకు తిరిగి రాలేదు.

మన కాలువ కింది పొలం గట్టు తగాదా పై కోర్టుకు వెళ్లినప్పుడు మీ తాతయ్య నాట్లు ఆపలేదు. “స్టే ఉందా? లేదు కదా, నాగలి కట్టండి” అనేవారు. ఇక్కడా అంతే. అప్పీలులో మామూలుగా ముగ్గురు జడ్జీలు కూర్చుంటారు. కొత్త సాక్షులను పిలవరు, కింది కోర్టు చట్టాన్ని సరిగ్గా చదివిందా అని చూస్తారు. కాబట్టి వార్త రాగానే నాలుగు అడుగు: ఏ తేదీది? ఏ కోర్టు? అసలు విషయం తేల్చిందా, అర్హత మాత్రమేనా? తీర్పు ఇప్పుడే అమలా, స్టే ఉందా? ఉదాహరణకు, 2015 ఆగస్టులో స్టెమ్ ఓపీటీ (సైన్సు, ఇంజినీరింగ్ లాంటివి చదివిన విదేశీ విద్యార్థులు చదువయ్యాక ఇక్కడ పనిచేసే అనుమతి) పొడిగింపు రూలును కోర్టు నిజంగానే కొట్టేసింది, ముందుగా జనం అభిప్రాయం అడగలేదని. కానీ ఆ తీర్పును కోర్టే కొన్ని నెలలు ఆపి ఉంచింది. ఈలోగా కొత్త రూలు వచ్చి, పొడిగింపు 17 నెలల నుంచి 24 నెలలైంది.

కోర్టులో నిలిచింది కదా అని నిశ్చింతగానూ ఉండకు. సుప్రీంకోర్టు మాట వచ్చిన పదహారు రోజులకే, 2025 అక్టోబరు 30న ప్రభుత్వం రెన్యువల్ పెట్టినవాళ్లకు 540 రోజుల దాకా దొరికే ఆటోమేటిక్ పొడిగింపును, ఆ రోజు నుంచి పెట్టేవాళ్లకు తీసేసింది. అందరం కోర్టు వైపు చూస్తుంటే దెబ్బ పక్కనుంచి తగిలింది. ఇప్పుడు పాత కార్డు గడువు తీరేలోగా కొత్తది చేతికి రాకపోతే, వచ్చేదాకా పని ఆపాల్సిందే.

ఉద్యోగంలో చేరు. మీ ఆయన గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టిన ఐ-140 అప్రూవల్, ఈ దేశంలో ఉండే గడువు చూపే మీ ఇద్దరి ఐ-94లు, నీ కార్డు నకళ్లు ఒకేచోట పెట్టుకో. సందేహం వస్తే నీ కాగితాలు చూసిన లాయరు మాటే విను, గ్రూపులో వచ్చే మాట కాదు. రెన్యువల్ గడువుకు 180 రోజుల ముందే పెట్టుకోవచ్చు. ఇవాళే వెనక్కి లెక్కపెట్టి, వంటింటి గోడ క్యాలెండర్లో ఆ తేదీ మీద కుంకుమ బొట్టు పెట్టు. నువ్వు కాచుకుని ఉండాల్సిన వాయిదా అదే.

ప్రేమతో,
పిన్ని