మామూలు మార్కులు – మంచి కాలేజీ



హాస్టల్‌లో ఫస్ట్ వచ్చినవాళ్ల గురించి అందరూ రాస్తారు. కానీ మనలో ఎక్కువమంది మధ్యలో ఉండేవాళ్లమే. "ఏ కాలేజీల చేరుతవు బిడ్డా" అని అడిగేవాళ్లే గానీ, దారి చెప్పేవాళ్లు మన ఇళ్లల్లో ఉండరు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. తెలుసుకున్న నాలుగు విషయాలు రాస్తున్నాను.

1. పదో తరగతి తర్వాత: ఇంటర్ ఒక్కటే దారి కాదు. పాలిసెట్ రాస్తే ఆదిలాబాద్ ప్రభుత్వ పాలిటెక్నిక్ లాంటి చోట మూడేళ్ల డిప్లొమా చదవవచ్చు. ఆ తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. 2008లో మొదలైన బాసర ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ల కోర్సుకు పదో తరగతి ఫలితమే ఆధారం.

2. ఇంటర్ తర్వాత: కరీంనగర్ ఎస్సారార్ ప్రభుత్వ కాలేజీ 1956 నుంచి ఉంది. పీజీకి 2008లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయం ఉంది. ఇంజనీరింగ్‌కు జగిత్యాల దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ కాలేజీ 2007లో వచ్చింది. దగ్గరిదని చులకనగా చూడకండి.

3. ఆప్షన్లు: ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ అయినా, డిగ్రీకి 2016లో వచ్చిన దోస్త్ అయినా, మన జాబితాను పైనుంచి కిందికి చూసి, దొరికిన మొదటి సీటు ఇస్తారు. "నాకెట్లాగూ రాదు" అని ఇష్టమైన కాలేజీని కింద పెట్టకండి. పైన పెడితే నష్టం లేదు. పోయిన ఏడాది మన కేటగిరీకి ఎంత ర్యాంకు వరకు సీటు వచ్చిందో చూసి, తప్పక వచ్చే మూడు నాలుగు కాలేజీలు చివర్లో పెట్టండి.

4. సీటు ఏ కోటాది? ఇంజనీరింగ్ ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఊళ్లోకి వచ్చే ఏజెంటు "అంతా గవర్నమెంటే కడుతది" అంటే ముందు ఈ ప్రశ్న అడగండి. కౌన్సెలింగ్ కాకముందే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకండి.

5. ఖర్చు లెక్క: ఫీజు ప్రభుత్వం ఇచ్చినా బస్సు, రూము, తిండి మనవే. ఆసిఫాబాద్ నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్లు అక్కడ హాస్టల్ సీటు దొరుకుతుందో లేదో కనుక్కున్నాకే చేరాలి. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే కాలేజీ ఏం చేస్తుందో సీనియర్లను అడగండి. నాకు తెలిసిన ఒక అక్క డిగ్రీ పాసైంది. కానీ ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదని కాలేజీవాళ్లు టీసీ, మెమోలు ఆపారు. పీజీ సీటు వచ్చినా చేరలేకపోయింది. ఆమె తప్పేమీ లేదు. అందుకే ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

పేరున్న కాలేజీలో చేరి మధ్యలో మానేయడం కంటే, మనం చివరిదాకా చదవగలిగిన కాలేజీలో చేరి పాసై బయటికి రావడం మేలు. మన మార్కులు మామూలువే కావచ్చు, మనల్ని చదివించే అమ్మానాన్నల కష్టం మామూలుది కాదు. ఏ సందేహం వచ్చినా వార్డెన్ సారును, పాత విద్యార్థులను అడగడానికి మొహమాటపడకండి.