జిగురు పూయకముందే అనుమానించండి

కెనడాలోనూ, అమెరికా ఉత్తరాన సరస్సులున్న చోట్లా కెనూ అనే సన్నటి పడవ నడిపేవాళ్లలో కొందరు తెడ్డుకు పిడి తామే అతికించుకుంటారు. బోలుగా ఉండే కార్బన్ ఫైబర్ కాడను తమ ఎత్తుకు తగ్గట్టు కోసి, దాని కొసలో చెక్క పిడి బిగిస్తారు. చూస్తే అరగంట పని. మనిషి నిర్ణయాలు తీసుకునే తీరు మాత్రం ఆ అరగంటలో బయటపడిపోతుంది.

తెలిసినవాడు ముందు జిగురు జోలికే పోడు. పిడిని ఉత్తగా దూర్చి, టేపు చుట్టి, పడవెక్కి కాసేపు నీళ్లలో వేసి చూస్తాడు. కాడ పొడుగనిపిస్తే కొంచెం కోస్తాడు, మళ్లీ చూస్తాడు. కోసింది తిరిగి రాదు గనుక మొదట పొడుగ్గానే ఉంచుకుంటాడు. తర్వాత తెడ్డును కంటికి ఎదురుగా పెట్టుకుని, పిడి అడ్డం రెక్క వెడల్పుతో ఒకే వరసలో ఉందో లేదో గురి చూస్తాడు. అది కాస్త పక్కకు తిరిగినా తెడ్డు వేసిన ప్రతిసారీ మణికట్టు మెలిపడుతుంది. 1970ల్లో మిన్నెసోటాకు చెందిన యూజీన్ జెన్సెన్ ప్రచారంలోకి తెచ్చిన వంపు తెడ్డయితే ఇంకా జాగ్రత్త. దాని రెక్కను ఒకే ముఖంతో వాడాలి. పిడి వెనకా ముందూ తారుమారైతే ఆ తెడ్డు ఎందుకూ కొరగాదు.

మనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. పెళ్లిచూపుల్లో అడగాల్సినవి మొహమాటానికి మింగేసి, పెళ్లయ్యాక రోజూ పంచాయితీ పెడతాం. ఆఫర్ లెటర్ మీద సంతకం చేశాక కంపెనీ గురించి వాకబు చేస్తాం. అనుమానం చెడ్డదేమీ కాదండీ, కాకపోతే దానికో వేళ ఉంది. ఆ వేళ జిగురుకు ముందు.

ఇంకో సంగతి. కార్బన్ కాడ లోపల నున్నగా ఉంటే జిగురు సరిగ్గా పట్టదు. గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము పోయేలా స్పిరిట్‌తో తుడవాలి. వ్యాపారంలో భాగస్వాములయ్యేవాళ్లు దీన్ని బాగా గుర్తు పెట్టుకోవాలి. లాభంలో వాటాలు టీ తాగుతూ తేల్చేస్తారు. నష్టం వస్తే ఎవరు ఎంత పెట్టాలి, మధ్యలో ఒకరు తప్పుకుంటే లెక్క ఎలా? అడిగితే బాగుండదని ఊరుకుంటారు. ఆ గరుకు మాటలు మొదటి రోజే అయిపోవాలి.

ఇక జిగురు, అంటే ఎపాక్సీ. మన ఇళ్లలో అరాల్డైట్ వాడినవాళ్లకు తెలుసు, రెండు ట్యూబులు, చెప్పిన పాళ్లలో కలపాలి. త్వరగా గట్టిపడుతుందని గట్టిపరిచే ట్యూబును ఎక్కువ పిండితే పని చెడుతుంది, లోపల మెత్తగానే ఉండిపోతుంది. పిడి మొన మరీ బిగుతుగా ఉన్నా తిప్పలే. జిగురంతా బయటికి వచ్చేస్తుంది. కాడలో చిక్కుకున్న గాలి పిడిని వెనక్కి తోస్తుంది. అందుకే మొన పక్కన సన్నటి గాడి చెక్కి గాలికి దారి వదులుతారు.

ఆ తర్వాత ముట్టుకోకూడదు. ఐదు నిమిషాల ఎపాక్సీ అని డబ్బా మీద రాసి ఉన్నా, పూర్తి బలం రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఈలోగా 'పట్టిందా లేదా' అని తిప్పి చూశారా, పట్టబోయే అతుకును మీరే ఊడగొట్టినట్టు. కొత్త ఉద్యోగంలో మూడో వారానికే పాత మేనేజర్‌కు మెసేజ్ పెట్టేవాళ్లు చేసేది అదే.

పగులు కనిపిస్తే సంగతి వేరు. చేతిలో విరిగేదాకా ఓర్చుకోమని ఎవరూ చెప్పరు, నేనూ చెప్పను. అసలు కొలత మీదే నమ్మకం కుదరకపోతే దానికీ ఉపాయముంది. వేడి చేసి పూసే గ్లూ వాడితే, రేపు పిడి సరిపడకపోయినా వేడిగాలి తగిలించి ఊడదీయవచ్చు. తేల్చుకోలేనప్పుడు తిరిగి విప్పగలిగే దారి ఎంచుకోవడం పిరికితనం కాదు. కొత్త ఊళ్లో ఫ్లాటు కొనేముందు ఏడాది అద్దెకుండటం లాంటి పనులు వివేకమున్నవాళ్లే చేస్తారు.

ఈ వారం మీరు ఏ కాగితం మీదైనా సంతకం పెట్టబోతుంటే, నోటిదాకా వచ్చి ఆగిన ఆ ప్రశ్న రేపటికి వాయిదా వేయకండి. ఇవాళే ఫోన్ చేసి అడగండి.