అండమాన్ వెళ్లే మేనకోడలికి

సికింద్రాబాద్,
డిసెంబరు మొదటి వారం



సంక్రాంతి సెలవులకు అందరూ కలిసి అండమాన్ వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. సంతోషం. నువ్వు పంపిన సామాన్ల జాబితా కూడా చూశాను. సన్‌స్క్రీన్, టోపీలు, ఈత బట్టలు, ఫోన్ తడవకుండా కవరు, అన్నీ రాశావు. మీ అత్తగారి షుగరు మందుల ఊసు మాత్రం ఎక్కడా లేదు. ఏళ్ల తరబడి మెడికల్ షాపు కౌంటరు వెనక నిలబడ్డవాణ్ని, నా కన్ను ముందు అక్కడికే పోతుంది. ఫోన్‌లో చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు. అందుకే ఈ ఉత్తరం.

మన దగ్గర అర్ధరాత్రి మాత్ర కావాలన్నా ప్యాట్నీ నుంచి ప్యారడైజ్ దాకా ఓసారి తిరిగితే ఏదో ఒక షాపు తెరిచే ఉంటుంది. దీవిలో అలా కుదరదు. మీరు మూడు రాత్రులుండే హావ్‌లాక్‌లో (2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్) చిన్న సర్కారు దవాఖానా ఉంది. పెద్ద వైద్యం కావాలంటే పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రికే రావాలి. ఆ ఊరిని కూడా 2024లో శ్రీ విజయపురం చేశారులే. మధ్యలో గంటన్నర, రెండు గంటల పడవ ప్రయాణం. గాలి పెరిగి సముద్రం పోటెత్తితే ఆ పడవలు ఆపేస్తారు. అప్పుడు నీ దగ్గరున్న మందులే మందులు. రోజూ వేసుకునే మాత్రలు ప్రయాణం ఎన్ని రోజులో అన్నిటికే లెక్కగట్టకు, పైన ఇంకో నాలుగైదు రోజులకు తీసుకో. సగం నీ చేతిసంచిలో, సగం అల్లుడి సంచిలో పెట్టు. ఒక సంచి పోయినా రెండోది ఉంటుంది.

ఇన్సులిన్ మాత్రం ఎప్పుడూ చేతిసంచిలోనే. విమానం కింద సామాన్లలో పడేస్తే అది గడ్డకట్టే ప్రమాదం ఉంది, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. డాక్టరు చీటీ పక్కనే ఉంచు, సెక్యూరిటీ వాళ్లు అడుగుతారు. హోటల్ ఫ్రిజ్‌లో ఐసు గడ్డల అర దగ్గర పెట్టకు. మీ అత్తగారి బీపీ మాత్రలో నీళ్లు పోయించే మందు కలిసి ఉందేమో ఇక్కడే డాక్టర్ని అడిగి వెళ్లండి. ఆ ఉక్కలో చెమటకు తోడు ఆ మాత్ర కూడా పనిచేస్తే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లుంటారు. డోసు నువ్వూ నేనూ మార్చేది కాదు, డాక్టరే చెప్పాలి.

ఓఆర్ఎస్ పొట్లాలు ఓ పది పెట్టుకో. పెద్ద పొట్లం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసుకు చెంచాడు చొప్పున కలిపి పిల్లాడికి తాగించే తల్లుల్ని చాలామందిని చూశాను. అలా కలిపితే ఉప్పూ చక్కెరా పాళ్లు తప్పి మందు కాస్తా చెరుపవుతుంది. కలిపింది ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయాలి. అట్టపెట్టె డబ్బాల్లో పండ్లరసంలా తియ్యగా అమ్మేవి ఓఆర్ఎస్ కావు. వాటి మీద ఆ మాట వేయకూడదని మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు తీసెయ్యమంది. షాపు వాళ్లు అడగకుండానే అలాంటి డబ్బా చేతిలో పెడుతుంటే నాకు ఒళ్లు మండేది.

ఇక దోమలు. ఈ విషయంలో సికింద్రాబాద్ వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని ఉండకూడదు. బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గరున్న ఆ పాత భవనం ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్లావో! 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే సైన్యపు డాక్టరు దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని కనిపెట్టింది అక్కడే. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగికి, దోమలతో కుట్టించుకున్నందుకు ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చాడట. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్ పేరు పుస్తకాల్లో ఒక వాక్యంలో మిగిలింది. సికింద్రాబాద్ రాకముందు రాస్ అండమాన్‌లో కూడా ఉద్యోగం చేశాడు. అంటే మీరు వెళ్లే దారి ఆయన వెనక్కి నడిచిన దారే.

అండమాన్ మలేరియా దోమకు ఒక ప్రత్యేకత ఉంది. ఉప్పు కలిసిన నీళ్లలో, అంటే సముద్రపు నీరు నిలిచిన మడుగుల్లో కూడా అది గుడ్లు పెడుతుంది. 2004 సునామీ తర్వాత పొలాల్లోకి ఉప్పునీరు చేరి నిలిచిపోయాక అలాంటి మడుగులు పెరిగాయి. అది కుట్టేది చీకటి పడ్డాక. అక్కడ జనవరిలో సాయంత్రం అయిదున్నరకే చీకటి పడుతుంది, దేశమంతటికీ ఒకటే గడియారం కదా. మీరింకా టీ తాగుతూ బీచిలో కూర్చునే వేళకే దాని డ్యూటీ మొదలవుతుంది. అయిదింటికల్లా అందరూ నిండు చేతుల చొక్కాలు, ప్యాంట్లు వేసుకుని, మిగిలిన చోట ఓడోమాస్ రాసుకోండి. డెంగీ దోమ పగలు కుడుతుంది కాబట్టి ఉదయమూ రాయాలి. సన్‌స్క్రీన్ ముందు, అది ఆరాక పైన దోమల మందు.

మలేరియా రాకుండా ముందే వేసుకునే మాత్రలున్నాయి. మూడు నాలుగు రోజులు ఊళ్లూ బీచులూ చూసి వచ్చేవాళ్లందరికీ అవి అక్కర్లేదు, మీ డాక్టరు నిర్ణయిస్తాడు. డాక్సీసైక్లిన్ రాస్తే మాత్రం రెండు సంగతులు గుర్తుంచుకో. ఎనిమిదేళ్లు నిండని పిల్లలకూ గర్భిణులకూ అది ఇవ్వరు, మన బుడ్డోడికి ఆరే. పెద్దవాళ్లకు అది వేసుకుంటే ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది. అక్కడి ఎండ మన ఎండ లాంటిదే అనుకోకు, నీళ్ల మీద పడి కింది నుంచి కూడా కొడుతుంది.

టీకాల సంగతి. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ ఇప్పుడే వేయించండి, వారం ముందు పరిగెత్తితే అవి పనిచేసేందుకు టైము చాలదు. టైఫాయిడ్‌కి కంజుగేట్ టీకా మన జీనోమ్ వ్యాలీలోనే తయారవుతోంది. ధనుర్వాతం ఇంజెక్షన్ పదేళ్లు దాటితే అల్లుడికీ నీకూ వేయించుకోవాలి, పగడపు రాళ్లు కత్తి కంటే మెత్తగా కోస్తాయి. బుడ్డోడి తట్టు టీకా రెండో డోసు పడిందో లేదో కార్డు తీసి చూడు.

ఈ తట్టు మాట ఊరికే రాయలేదు. ఆరోగ్యం అనగానే అక్కడి నుంచి మనకేం అంటుకుంటుందో అని భయపడతాం. అండమాన్ చరిత్రంతా ఎదురు దిక్కున నడిచింది. 1858లో బ్రిటిష్ వాళ్లు ఖైదీల స్థావరం పెట్టాక బయటి రోగాలు ఆ అడవిలోకి దిగాయి. 1877లో తట్టు అక్కడి ఆదివాసులైన గ్రేట్ అండమానీలను తుడిచిపెట్టినంత పని చేసింది. వేలల్లో ఉన్నవాళ్లు 1961 నాటికి పందొమ్మిది మంది మిగిలారు. ఇంకో తెగ జారవాలు. వాళ్లు బయటి వాళ్ల దగ్గరికి రావడం మొదలుపెట్టిన కొద్దికాలానికే, 1999లో, వాళ్లలోనూ తట్టు వ్యాపించింది. మీరు గుహలు చూడ్డానికి బారాటాంగ్ వెళ్లాలనుకుంటే ఆ రోడ్డు వాళ్ల అడవి మధ్య నుంచే పోతుంది. కాన్వాయ్‌లో వెళ్లాలి, ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు, బిస్కెట్లు విసరకూడదు. చట్టం ఉంది, శిక్షలున్నాయి. నా మాట వేరు: బుడ్డోడికి ఆ రోజు జ్వరమో దగ్గో ఉంటే ఆ ప్రయాణం మానుకోండి. నిజానికి ఆరోగ్యంగా ఉన్నా ఆ రోడ్డు ఎక్కకపోతేనే నాకిష్టం. సున్నపురాయి గుహలు చూడాలంటే మనకు బొర్రా ఉంది.

అల్లుడు స్కూబా డైవింగ్ అంటున్నాడట. చేయనివ్వు. జలుబు ఉంటే మాత్రం వద్దు, చెవి పోటు భరించలేడు. వాళ్లిచ్చే ఫారంలో చిన్నప్పటి ఆయాసం దాచకుండా రాయమను, సిగ్గుపడి దాచితే నీళ్ల అడుగున దాగదు. డైవింగ్ చివరి రోజు పెట్టుకోకండి. నీళ్లలోంచి వచ్చాక కనీసం పద్దెనిమిది గంటలు విమానం ఎక్కకూడదు, ఒక రోజు ఆగితే ఇంకా మంచిది. ఒత్తిడి తగ్గితే ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కడుతుంది. ఏజెంట్లు టికెట్ల లెక్క చూస్తారు గానీ ఈ లెక్క చూడరు. మొసళ్లున్నాయని బోర్డు కనిపిస్తే నవ్వుకోకండి, 2010లో హావ్‌లాక్‌లోనే ఒక విదేశీ పర్యాటకురాలిని మొసలి చంపింది.

పడవలో నీకు వాంతులు ఖాయం, చిన్నప్పుడు యాదగిరిగుట్ట బస్సుకే తట్టుకోలేదు. అవోమిన్ గంట, రెండు గంటల ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే మాత్ర కూడా బయటికే. బుడ్డోడికి ఎంత ఇవ్వాలో డాక్టర్ని అడుగు.

అవసరం పడితే భయపడకండి. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. వాళ్లలో చాలామంది పెద్దలు శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లినవాళ్లు. ఆసుపత్రి వరండాలో గట్టిగా తెలుగులో మాట్లాడితే ఎవరో ఒకరు తల తిప్పుతారు.

వచ్చాక సంగతి అసలైంది, దీన్నే అందరూ మర్చిపోతారు. వచ్చిన నెలలోపు ఎవరికి జ్వరం వచ్చినా అదే రోజు రక్తపరీక్ష చేయించండి. డాక్టరుతో మొదటి మాటగా ‘అండమాన్ వెళ్లొచ్చాం’ అని చెప్పండి. వైవాక్స్ రకం మలేరియా కాలేయంలో దాక్కుని నెలల తర్వాత కూడా లేస్తుంది, కాబట్టి వేసవిలో జ్వరం వచ్చినా ఆ మాట చెప్పాల్సిందే. అక్కడ ఎలుకల మూత్రం కలిసిన బురద, నిలవ నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ కూడా వస్తుంది. బురదలో చెప్పుల్లేకుండా నడిచారా అని డాక్టరు అడగడు, మీరే చెప్పాలి. పరీక్ష ఫలితం వచ్చేదాకా జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. డెంగీ అయితే బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి రక్తస్రావం తెచ్చిపెడతాయి. మీ అత్తగారు గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వేసుకుంటారనుకుంటా, ఆవిడకు జ్వరమొస్తే ఆ మాత్ర సంగతీ డాక్టరుకు చెప్పండి.

ఆదివారం పొద్దున్న మీ అత్తగారి చీటీలన్నీ తీసుకుని మారేడ్‌పల్లి ఇంటికి రా. కూర్చుని లెక్క రాద్దాం. బుడ్డోడి టీకా కార్డు మర్చిపోకు.

ఆశీస్సులతో,
మీ మావయ్య