సృజనశీలి జీవిత లక్ష్యం

వైద్యుడు కాదలచిన విద్యార్థికి దారి ముందే వేసి ఉంటుంది. ప్రవేశ పరీక్ష, కళాశాల, పట్టా, ఉద్యోగం అనే మెట్లు వరుసగా కనిపిస్తాయి. కవియో, చిత్రకారుడో కాదలచిన వానికి అటువంటి మెట్లు లేవు. ఎక్కడికి చేరితే లక్ష్యాన్ని చేరినట్లు? పూర్వపు కరీంనగర్ జిల్లాకు చెందిన ఇద్దరు కవుల జీవితాలు ఈ ప్రశ్నకు రెండు భిన్నమైన సమాధానాలు.

సిరిసిల్ల మగ్గాల చప్పుడుకు, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలు బీడీలు చుట్టే చేతులకు పేరుగన్నవి. శ్రమను నమ్ముకొన్న ఈ నేలలో, సిరిసిల్ల సమీపాన గల హనుమాజీపేటలో 1931లో సింగిరెడ్డి నారాయణరెడ్డి జన్మించారు. నిజాం పాలనాకాలం కావడం చేత ఆయన చదువు ఉర్దూ మాధ్యమంలో సాగింది. తెలుగును ద్వితీయ భాషగా చదువుతున్న మీరు ఈ సంగతిని ప్రత్యేకంగా గమనించాలి. ఉర్దూలో చదివిన ఆ బాలుడే తెలుగు ఆచార్యుడై, ఆధునిక కవిత్వంలోని సంప్రదాయాలు, ప్రయోగాలపై పరిశోధన చేసి, 1962లో ‘గులేబకావళి కథ’తో సినీరంగంలో ప్రవేశించి, ‘విశ్వంభర’ కావ్యానికి 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం అందుకొన్నారు. పుట్టినరోజున కొత్త పుస్తకాన్ని వెలువరించడం ఆయన పెట్టుకొన్న నియమం. 2017లో మరణించేవరకు ఆయన కలం ఆగలేదు.

రెండవవారు అలిశెట్టి ప్రభాకర్. 1954 జనవరి 12న జగిత్యాలలో జన్మించారు. మొదట కుంచె పట్టి, పిదప కవిత్వానికి వచ్చారు. బ్రతుకుతెరువుకు ఫోటోగ్రఫీ నేర్చి, జగిత్యాలలో, కరీంనగర్‌లో, 1983 నాటికి హైదరాబాదులో స్టూడియోలు నడిపారు. స్టూడియో కూడు పెట్టాలి, కవిత్వం తాను చెప్పదలచినది చెప్పాలి. మొదటిదాని కోసం రెండవదాన్ని వంచకూడదు. ఆయన జీవితాన్ని చూస్తే ఆయన పెట్టుకొన్న లెక్క ఇదేననిపిస్తుంది. ‘ఎర్ర పావురాలు’ (1978), ‘మంటల జెండాలు’ (1979), ‘చురకలు’ (1981), ‘రక్తరేఖ’ (1985) వరుసగా వెలువడ్డాయి. నాలుగైదు పంక్తులలో ఒక జీవితాన్ని పట్టి చూపడం ఆయన నేర్పు. కెమెరా పట్టిన కన్ను ఆ క్లుప్తతకు తోడ్పడి ఉంటుందని నా అభిప్రాయం. ఆంధ్రజ్యోతి దినపత్రికలో ‘సిటీ లైఫ్’ శీర్షికన ఆయన రాసిన చిన్న కవితలు నగర జీవితాన్ని పాఠకుల కళ్ళకు కట్టాయి.

అయితే ఆ లెక్క కుదరలేదు. స్టూడియో ఆదాయం చాలలేదు, క్షయ శరీరాన్ని తినివేసింది. 1993 జనవరి 12న, తన పుట్టినరోజునే, ముప్పైతొమ్మిదేళ్ళకు ఆయన కన్నుమూశారు.

మన సాహిత్యంలో ఈ చర్చ కొత్తది కాదు. శ్రీనాథుడు రాజాస్థానాలు తిరిగి కనకాభిషేకం పొందాడు. పోతన భాగవతాన్ని రాజులకు అంకితమివ్వలేదు. అంతమాత్రాన సినారెను శ్రీనాథునితో, ప్రభాకర్‌ను పోతనతో పోల్చి ఒకరిని తక్కువ చేయడం తొందరపాటు. కొలువు ఉన్నందువల్లనే సినారె అరవై ఏళ్ళకు పైగా రాయగలిగారు. ఆ నిలకడ కూడా సాధనే. ప్రభాకర్ పేదరికాన్ని ఆదర్శంగా కీర్తించడం అంతకంటె పెద్ద పొరపాటు. ఆయన కోరినది కవిత్వమే గాని పస్తులు కావు. వైద్యానికి డబ్బుండి మరో ఇరవై ఏళ్ళు బ్రతికి ఉంటే ఆ కవిత్వం పలుచబడేదని ఎవరు చెప్పగలరు?

2013లో మిత్రులు ప్రభాకర్ కవితలన్నిటినీ ఒకే సంపుటిగా అచ్చువేయించారు.