నాణకపరీక్ష: ముద్రాదోషము, క్షతి - భేదవిచారము

తాళపత్ర ప్రతులను పరిష్కరించువారికి రెండు విధములగు లోపములు సుపరిచితములు. వ్రాయునపుడే లేఖకుని చేత పడిన తప్పు ఒకటి. వ్రాసిన పిమ్మట పురుగు తినుటచేతనో, అంచు విరుగుటచేతనో పోయిన అక్షరము వేరొకటి. మొదటిది పాఠచరిత్రకు సాక్ష్యము. రెండవది ఆ పత్రము పడిన పాటులకు మాత్రమే సాక్ష్యము. పాత నాణెముల యందును ఇదే భేదము కలదు. టంకశాలలో ముద్ర వేయునపుడు కలిగినది ముద్రాదోషము. టంకశాల దాటిన పిమ్మట కలిగినది క్షతి. ఈ వివేకము లేనందున అరిగిన పైసా అపూర్వవస్తువని అధిక మూల్యమునకు అమ్ముడగుచున్నది. నిజముగా అపూర్వమైనది చింతపండుతో తోమబడి తన సాక్ష్యమును కోల్పోవుచున్నది.

నాణకపరీక్ష మన శాస్త్రములకు క్రొత్త కాదు. పాణిని 'ఆహత' అను అర్థమున రూప శబ్దమునకు యప్ ప్రత్యయమును విధించి 'రూప్య' శబ్దమును సాధించెను. ముద్ర కొట్టబడినదే రూప్యము. కౌటిల్యుడు అర్థశాస్త్ర ద్వితీయాధికరణమున నాణెములను చేయించు లక్షణాధ్యక్షుని, వానిని పరీక్షించు రూపదర్శకుని వేర్వేరుగ పేర్కొని, 'పారీక్షికము' అను పరీక్షాశుల్కమును సైతము నిర్ణయించెను. చేయువాడే పరీక్షకుడు కారాదను నియమము ఇందు ధ్వనించుచున్నది. బుద్ధఘోషుడు విశుద్ధిమార్గమున నాణెముల రాశిని చూచు ముగ్గురిని దృష్టాంతముగ చెప్పెను. బాలుడు రంగును, ఆకారమును మాత్రమే చూచును. గ్రామీణుడు అది వ్యవహారమునకు పనికివచ్చు ధనమని యెఱుగును. హైరణ్యకుడు మాత్రమే అది మంచిదో చెడ్డదో, ఎచ్చట ఎవరిచేత చేయబడినదో గ్రహించును. అమరావతి దానశాసనములందలి 'హేరణిక' శబ్దము ఈ వృత్తిని స్మరింపజేయుచున్నది.

హైరణ్యకుని దృష్టి అలవడుటకు తొలిమెట్టు ఆ కాలపు టంకశాల పద్ధతిని తెలిసికొనుట. సాధారణమేదో తెలియనిదే దోషమేదో తెలియదు. అమరావతిలో లభించిన వెండి ఆహత నాణెముల నిక్షేపమును పరమేశ్వరీలాల్ గుప్త పరిశీలించి 1963లో ప్రకటించిరి. ఇట్టి నాణెములపై గుర్తులు వేర్వేరు పోటులతో కొట్టబడినవి గనుక ఒకదానిపై నొకటి పడుట, అంచున సగము తెగుట సర్వసామాన్యము. మూలలు కత్తిరింపబడియుండుటయు తూకము సరిచేయుటకే గాని దొంగతనమునకు కాదు. శాతవాహనుల సీసపు నాణెములపై రాజనామము సగమే కనబడుట కూడ ఇట్టిదే. కృష్ణరాయల కొండవీటి విజయమును (1515) తెలుపు శాసనము మంగళగిరి యందున్నది. ఆ ప్రభువు బాలకృష్ణముద్ర గల వరహాలపై 'శ్రీ ప్రతాప కృష్ణరాయ' అను నాగరాక్షరములు అంచులందు తరచు లోపించియుండును. అచ్చుకంటె బిళ్ల చిన్నదగుటయే అందులకు హేతువు. ఇట్టివి దోషములును కావు, క్షతులును కావు. వానికి అపూర్వతామూల్యము చెప్పుట పొరపాటు.

మూడవ కోటి యొకటి కలదు. టంకశాల దాటిన పిమ్మట మనుష్యులు బుద్ధిపూర్వకముగ చేసిన మార్పులు అందు చేరును. 1906లో నాసిక్ సమీపమున జోగల్ తంబిలో దొరికిన పదుమూడు వేలకు పైబడిన నహపానుని వెండి నాణెములలో అధికభాగముపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరల కొట్టించెను. రెండు ముద్రలు కలగాపులగముగ కనబడుటచే దోషమని భ్రమ కలుగును. కాని అది విజయలేఖయే. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో లభించిన రోమను వెండి నాణెములలో అనేకములపై చక్రవర్తి ముఖముమీద ఉలిగాట్లు కలవు. లోపలి లోహమును పరీక్షించుటకని కొందరు, చెలామణి నుండి తొలగించుటకని కొందరు ఊహించిరి. హేతువేదైనను ఆ గాటు చరిత్రాంశమే. దానిని పూడ్చి నునుపుచేయుట శాసనమును చెక్కివేయుటతో సమానము.

యంత్రముద్రితములగు నాణెముల విషయమున నిర్ణయము సులభతరము. 1835 నాటి శాసనముచే కంపెనీ రూపాయి తూకము 180 గ్రెయినులుగ స్థిరపడినది. కావున మొదటి ప్రమాణము త్రాసు. ముద్ర ప్రక్కకు జరిగినను తూకము నిండుగ నున్నచో దోషమగుటకు అవకాశము కలదు. రెండు వైపులను సమముగ పలుచబడి తూకము తగ్గినచో అరుగుదలయో ఆమ్లమో కారణము. రెండవ ప్రమాణము గీత స్వభావము. అచ్చు పగిలినచో ఆ పగులులోనికి లోహము చొచ్చి నాణెముపై ఉబ్బెత్తు గీత ఏర్పడును. పిమ్మట పడిన గీఱు లోతుగ నుండును. మూడవ ప్రమాణము రెండవ వైపు. ముందటి నాణెము అచ్చునకు అంటుకొనియుండగా క్రొత్త బిళ్ల పడినచో ఒకవైపు సరియైన ముద్రయు, రెండవవైపు అదే ముద్ర లోతుగ, అద్దమునందువలె తారుమారుగ పడును. రెండు నాణెములను చేర్చి సుత్తితో కొట్టినను తారుమారు గుర్తు కలుగును గాని, దాని క్రింద అసలు ముద్ర శేషించియుండును, వెనుకవైపు నలిగియుండును. అంచు తెగిన బిళ్లపై ముద్ర వేసినచో తెగిన చోటికి సరిగ ఎదుటనున్న గట్టు తరచు బలహీనముగ నుండును; పిమ్మట కోసినచో ఎదుటి గట్టు చెడదు.

మూల్యనిర్ణయమునకు పూర్వము నాణెమును కడుగరాదు, తోమరాదు. రాగిపై నిలిచిన కిలుమును పరిశీలించినచో గాటు పాతదో క్రొత్తదో తెలియును. క్రొత్త గాటులో లోహము మెఱయును. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిధి చట్టము విధించుచున్నది. నూరేండ్లు దాటిన నాణెములు 1972 నాటి పురావస్తు చట్టము పరిధిలోనికి వచ్చును. దొరికిన చోటు, కూడ దొరికిన వస్తువులు, తూకము వ్రాసిపెట్టి పురావస్తుశాఖవారికి చూపుట ఉచితము. కొనువానినే మూల్యము అడుగుట కౌటిల్యుని విభాగమునకు విరుద్ధము.

ప్రాచ్యకళాశాలలందు లిపిపరిజ్ఞానము కలదు, పాఠపరిష్కరణ సంప్రదాయము కలదు. ఈ రెంటికి త్రాసును, భూతద్దమును చేర్చినచో విద్యార్థి గ్రామీణుని దృష్టి నుండి హైరణ్యకుని దృష్టికి చేరగలడు. తాళపత్రమున పురుగు తిన్న చోటును పాఠాంతరముగ గ్రహింపని పండితుడు, నాణెముపై సుత్తిదెబ్బను ముద్రాదోషముగ గ్రహింపడు.