శ్రుతి పిల్లది కావాలి

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవి మేనకోడలికి,

నీ ఉత్తరం అందింది. వైట్‌ఫీల్డ్‌లో మీ అపార్ట్‌మెంట్ పిల్లలకు సంగీతం క్లాసు పెడదామనుకుంటున్నావని చదివి చాలా సంతోషించాను. అంతకుముందు ఏదైనా కోర్సు చేస్తే బాగుంటుందని నీకు తోచడం ఇంకా సంతోషం. విద్వత్ పరీక్షకు కట్టాలా, ఎం.ఏ.లో చేరాలా, ఆన్‌లైన్‌లో ఇచ్చే వాయిస్ ట్రైనింగ్ సర్టిఫికెట్ తీసుకోవాలా అని అడిగావు. మూడింటి గురించీ నాకు తెలిసింది చెబుతాను. కానీ ముందు ఒక మాట మనసులో పెట్టుకో. పాడటం నీకు వచ్చు. పాఠం చెప్పడమంటే ఇంకొకరి గొంతు వినడం. అది విడిగా నేర్చుకోవలసిన విద్య. అది ఎక్కడ దొరుకుతుందో అక్కడే నీ డబ్బూ, నీ సమయమూ పెట్టు.

శ్రుతితో మొదలుపెడతాను. సంగీతం క్లాసుల్లో మొదటి పొరపాటు అక్కడే జరుగుతుంది. టీచరుగారిది అయిదున్నర శ్రుతి అయితే గదిలో అందరికీ అయిదున్నరే పెట్టేస్తారు. ఎనిమిదేళ్ళ పాపకూ అదే, గొంతు మారుతున్న పదమూడేళ్ళ అబ్బాయికీ అదే, రిటైరయ్యాక ముచ్చటపడి చేరిన పెద్దాయనకూ అదే. అందనివాళ్ళు అరుస్తారు, లేకపోతే పెదాలు కదిపి ఊరుకుంటారు. పదిమంది గొంతులు కలిసిపోయాక ఎవరేం చేస్తున్నారో ఎవరికీ తెలియదు.

పోయినేడు ఒక తల్లి తన కొడుకును నా దగ్గరికి తీసుకొచ్చింది. పిల్లవాడు అంతకుముందు వేరే చోట వర్ణాల దాకా నేర్చుకున్నాడు. "ముందు చక్కగా పాడేవాడండీ, ఈమధ్య శ్రద్ధ పోయింది" అంది. అలవాటైన శ్రుతిలోనే పాడమన్నాను. పంచమం దాటేసరికి గడ్డం పైకి లేచింది, మెడనరాలు ఉబ్బాయి. తారషడ్జమం దగ్గర గొంతు రెండుగా చీలింది. వెంటనే ఆపేసి తలదించుకున్నాడు. నేను తంబూరాను రెండు శ్రుతికి దింపి, మధ్యస్థాయి షడ్జమం నుంచి కిందికి మంద్ర పంచమం దాకా మెల్లగా పాడమన్నాను. కొత్త గొంతు, బరువైన గొంతు, హాయిగా వచ్చింది. తన గొంతు తనే వింటున్నట్టు కళ్ళు పెద్దవి చేశాడు. వాడి శ్రద్ధ ఎక్కడికీ పోలేదు, స్వరపేటిక పెరిగిందంతే. ఆ వయసులో మగపిల్లలకు స్వరతంత్రులు పొడవవుతాయి, మాట్లాడే గొంతే ఇంచుమించు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆడపిల్లలకూ దిగుతుంది గానీ కొద్ది స్వరస్థానాలకు మించదు కాబట్టి మనం గమనించం. ఈ సంగతి ఎవరూ చెప్పక, తమకు సంగీతం రాదని మానేసిన మగపిల్లలు మన ఇళ్ళల్లో ఎందరో ఉన్నారు.

అందుకని కొత్త పిల్ల వచ్చిన రోజు పాఠం చెప్పకు. కాసేపు మాట్లాడించు. తనకిష్టమైన పాట ఏదైనా తంబూరా లేకుండా పాడమను. ఏ ఎత్తులో అందుకుంటుందో ఆ చుట్టుపక్కలే తన శ్రుతి ఉంటుంది. అక్కడ షడ్జమం పెట్టి కిందికీ పైకీ పాడించు. కింద స్వరాల్లో ఉత్త గాలి వస్తుంటే శ్రుతి పెంచు. పైన గడ్డం లేస్తున్నా, భుజాలు ఎగుస్తున్నా అర శ్రుతి తగ్గించు. చిన్నపిల్లలకు మొదట ఒక్క స్థాయి సుఖంగా పలికితే చాలు. మీట తిప్పితే శ్రుతి మారే రాడెల్ కంపెనీ ఎలక్ట్రానిక్ తంబూరాలు తయారయ్యేది మన బెంగళూరులోనే. ఇప్పుడైతే ఫోన్లో యాప్ కూడా ఉంది. మార్చడానికి క్షణం పట్టదు, మార్చాలని మనకు తోచాలి, అంతే. బ్యాచ్‌లు వయసును బట్టి కాకుండా శ్రుతిని బట్టి చెయ్యి. ఆరేళ్ళ తర్వాత కూడా ఆ పిల్లల గొంతులు నిలబడి ఉంటాయి.

గొంతు లోపల ఏం జరుగుతుందో కాస్తయినా తెలుసుకో. ఆరు శ్రుతిలో మధ్యస్థాయి షడ్జమం పట్టుకున్నప్పుడు స్వరతంత్రులు సెకనుకు సుమారు 220 సార్లు కలిసి విడిపోతాయి. తారషడ్జమంలో 440 సార్లు. ఆ లెక్కన గంటసేపు మధ్యషడ్జమమే పట్టుకున్నా దాదాపు ఎనిమిది లక్షల సార్లు తగులుకున్నట్టు. బిగబట్టి పాడిస్తే ఆ తాకిడంతా ఒకేచోట పడుతుంది. అలా ఏళ్ళ తరబడి సాగితే అక్కడ కాయల్లాంటివి లేస్తాయి. వాటిని నాడ్యూల్స్ అంటారు. చాలామందికి ఆపరేషన్ దాకా వెళ్ళకుండానే, విశ్రాంతితోనూ గొంతు వాడే తీరు మార్చుకోవడంతోనూ తగ్గుతాయి. పాడుతున్న మనిషి స్వరతంత్రులను మొట్టమొదట అద్దం పెట్టి చూసిన వాళ్ళలో పేరు మోసినవాడు డాక్టరు కాదు, మాన్యుయెల్ గార్సియా అనే సంగీతం మాస్టారు. 1854లో ఎండ వెలుగులో చిన్న అద్దంతో తన గొంతే తను చూసుకుని, మరుసటేడు లండన్ రాయల్ సొసైటీకి ఆ సంగతి తెలియజేశాడు. శిష్యుల గొంతులో ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్న తపన అంతదూరం తీసుకెళ్ళింది.

మన తెలుగువాళ్ళలో వైద్యమూ సంగీతమూ ఒక్కచోట కలిసిన మహానుభావుడు శ్రీపాద పినాకపాణిగారు (1913–2013). వృత్తికి వైద్యుడు, కర్నూలు మెడికల్ కాలేజీలో ప్రొఫెసరు. సంగీతంలో గురువులకు గురువు, 1983లో సంగీత కళానిధి. కృతులను గమకాలతో సహా స్వరలిపిలో రాసి 'సంగీత సౌరభం' సంపుటాలుగా మనకిచ్చారు. నేదునూరి కృష్ణమూర్తిగారు, వోలేటి వెంకటేశ్వర్లుగారు, నూకల చిన సత్యనారాయణగారు ముగ్గురూ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే. ముగ్గురి రికార్డులూ పక్కపక్కన పెట్టుకుని విను. బాణీ ఒకటే అని తెలుస్తూనే ఉంటుంది, గొంతు మాత్రం ఎవరిది వారిదే. శిష్యుడు తన గొంతుతో తను పాడగలగడమే గురువు గొప్పతనానికి గుర్తు అని నా నమ్మకం.

ఇక నువ్వు అడిగిన కోర్సుల సంగతి.

కర్ణాటక ప్రభుత్వ జూనియర్, సీనియర్, విద్వత్ పరీక్షలు మంచివి. పాఠం ఒక వరుసలో నడుస్తుంది, శాస్త్రం చదవక తప్పదు, రేపు నీ పిల్లలను ఆ పరీక్షలకు కూర్చోబెట్టాలంటే ఆ దారి నీకు తెలిసి ఉండాలి. విద్వత్ తప్పకుండా రాయి. అయితే అక్కడ పరీక్షించేది నీ పాటను, నీ శాస్త్రజ్ఞానాన్ని. నీ ముందు కూర్చున్న పిల్లకు నువ్వేం చెబుతావో ఎవరూ అడగరు. ఎం.ఏ. కూడా అంతే. రాగలక్షణాలు, చరిత్ర, పరిశోధన మీద మనసుంటే చెయ్యి, క్లాసు కోసమే అయితే తొందరలేదు.

పాశ్చాత్య పద్ధతి నేర్పే చోట్లు మన ఊళ్ళో బోలెడు. 1987 నుంచి నడుస్తున్న బెంగళూరు స్కూల్ ఆఫ్ మ్యూజిక్ ఉంది. ట్రినిటీ గ్రేడ్ పరీక్షలకు తయారుచేసే టీచర్లు ప్రతి పేటలోనూ ఉన్నారు. వాళ్ళ దగ్గర మనం నేర్చుకోదగ్గది ఒకటుంది: పాట ఎత్తుకునే ముందు గొంతును సిద్ధం చెయ్యడం. పెదాలు మూసి హుమ్మని మెల్లగా పలికించడం, సన్నటి స్ట్రాలోంచి స్వరం ఊదించడం, పెదాలు బుర్రుమనిపించడం లాంటివి. ఇవి గొంతు మీద భారం తగ్గిస్తాయని స్పీచ్ థెరపిస్టులు కూడా చేయిస్తారు. సరళీ స్వరాలకు ముందు అయిదు నిమిషాలు చేయిస్తే మన సంప్రదాయానికి వచ్చిన లోటేమీ లేదు. కానీ కర్ణాటక సంగీతంలో గొంతు జారాలి, ఊగాలి, ఒక్క స్వరంలోనే పక్క స్వరాల నీడ చూపాలి. ఆ గమకానికి తగిన శిక్షణ ఒపేరా పాటకో పాప్ పాటకో తయారైన పద్ధతిలో దొరకదు. దానికి మన అకార సాధన, జంట స్వరాలు, మూడు కాలాల్లో వర్ణం, ఇవే దిక్కు.

ఆన్‌లైన్ సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్ళను డబ్బు కట్టేముందు రెండు ప్రశ్నలడుగు. కోర్సులో నేను వేరేవాళ్ళకు పాఠం చెబుతుంటే మీరు కూర్చుని చూసి తప్పులు దిద్దుతారా? పిల్లల గొంతు, గొంతు మారే వయసు, పెద్దవాళ్ళ గొంతు గురించి విడిగా పాఠాలున్నాయా? రెండింటికీ ఔనంటే చేరు. ముందే రికార్డు చేసిన వీడియోలు చూసి ప్రశ్నలకు టిక్కులు పెడితే సర్టిఫికెట్ వస్తుందంటే, ఆ డబ్బుతో మంచి మైకు కొనుక్కో.

మైకు అన్నది ఊరికే అనలేదు తల్లీ. నీ గొంతు గురించే నాకు దిగులు. పగలంతా ఏసీ గదిలో హెడ్‌సెట్ పెట్టుకుని కాల్స్ మాట్లాడతావు. సాయంత్రం క్లాసు అంటే అలసిన గొంతుతోనే మొదలుపెడతావు. ఏసీ గాలి పొడిగా ఉంటుంది, దుమ్మూ పుప్పొడీ పడనివాళ్ళు బెంగళూరులో చాలామంది. దాహం వేసేదాకా ఆగకుండా రోజంతా కొద్దికొద్దిగా నీళ్ళు తాగుతూ ఉండు. మాటిమాటికీ గొంతు సవరించుకోకు, గుసగుసలాడటం విశ్రాంతి అనుకోకు. బొంగురు మూడు వారాలు దాటితే కషాయాలతో కాలక్షేపం చెయ్యకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకో. గొంతు చికిత్సకు మైసూరులో ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఉంది. దేశమంతటి నుంచీ అక్కడికి వస్తారు, మనకు దగ్గరే.

క్లాసులో నీ గొంతు కాపాడుకునే ఉపాయమే పిల్లలకు మేలు చేసే ఉపాయం కూడా. వాళ్ళతో కలిసి పాడకు. ఒకసారి నువ్వు పాడి చూపించు, తరవాత ఆపి విను. నువ్వు కలిసి పాడుతున్నంతసేపూ పిల్ల నీ గొంతును పట్టుకుని నడుస్తుంది. ఎక్కడ తడబడుతోందో నీకూ వినపడదు, తనకూ తెలియదు. ప్రతి క్లాసులో ప్రతి పిల్లా ఒంటరిగా రెండు ఆవర్తాలైనా పాడాలి. అమెరికా పిల్లలకు జూమ్‌లో చెప్పవలసి వస్తే 'ఒరిజినల్ సౌండ్' పెట్టుకో, వాళ్ళచేతా పెట్టించు. అది లేకపోతే తంబూరా నాదాన్ని ఫ్యాను చప్పుడనుకుని జూమ్ కోసేస్తుంది.

నీకు తెలుగు వచ్చు, బెంగళూరులో సంగీతం టీచరుకు అది పెద్ద ఆస్తి. త్యాగయ్యగారి కృతులు చాలావరకు తెలుగే. మైసూరు వాసుదేవాచార్యులవారూ తెలుగులో, సంస్కృతంలో రాశారు. మన నగరం పేరే ఇంటిపేరైన నాగరత్నమ్మగారు తెలుగులో పండితురాలు. ముద్దుపళని కావ్యాన్ని 1910లో అచ్చువేయించింది ఆవిడే, తన సొమ్ము ధారపోసి తిరువయ్యూరులో త్యాగయ్యగారికి గుడి కట్టించిందీ ఆవిడే. నీ క్లాసుకు కన్నడ పిల్లలు, తమిళ పిల్లలు, హిందీ పిల్లలు వస్తారు. కృతి ఎత్తుకునేముందు అర్థం చెప్పు, పదాలు విడదీసి రెండుసార్లు చదివించు. మాట ఎక్కడ పూర్తవుతుందో తెలిసిన పిల్ల అక్కడ ఊపిరి తీసుకుంటుంది. తెలియని పిల్ల మాట మధ్యలో విరిచి గాలి పీల్చుకుంటుంది. ఊపిరి పాఠం సగం సాహిత్యంలోనే ఉంది.

తల్లిదండ్రులు తొందరపెడతారు. ఆర్నెల్లు తిరగకముందే 'పాడుతా తీయగా' సెలక్షన్లకు పంపుదామా అంటారు, అపార్ట్‌మెంట్ గణేశ ఉత్సవంలో కృతి పాడించమంటారు. వేదిక ఎక్కించడం మంచిదే, పిల్లలకు భయం పోతుంది. వచ్చిన గీతమే పాడించు. అందని తారస్థాయి కృతిని అరిచి పాడించి చప్పట్లు కొట్టించుకోవద్దు. కాస్త ఓపిక పట్టండని నిదానంగా చెప్పు. ఆర్.కె. శ్రీకంఠన్‌గారు తొంభై దాటాక కూడా ఇదే ఊళ్ళో కచేరీలు చేశారు. గొంతు సరిగ్గా వాడుకుంటే ఎంతకాలం నిలుస్తుందో ఆ తల్లిదండ్రులకు చెప్పడానికి ఆయన ఒక్కరు చాలు.

ఇప్పుడు నువ్వు చెయ్యవలసింది చెబుతాను. విద్వత్ పరీక్షకు చదవడం మొదలుపెట్టు. ఆదివారాలు మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి సంపిగె రోడ్డులో దిగు, ఇంటికి రా. మూడు నెలలు నా క్లాసులో వెనక కూర్చుని, పాడకుండా, ఒక్కో పిల్ల గురించీ నోట్సు రాసుకో: ఏ శ్రుతి, ఎక్కడ బిగుస్తోంది, ఎక్కడ ఊపిరి చాలడం లేదు. క్లాసు అయ్యాక ఇద్దరం కలిసి చూద్దాం. తరవాత మీ అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు పిల్లలతో ప్రారంభించు. ఆ ముగ్గురికీ మూడు శ్రుతులు కుదిరాక నాలుగో పిల్లను చేర్చుకో.

మీ అమ్మనూ నాన్ననూ అడిగానని చెప్పు. విద్యాభివృద్ధిరస్తు.

నీ మేనత్త